తల తడవకుండా

శనివారం పొద్దున్నే మాబెల్‌కి తలంటు.
తలంటని పేరే గానీ తల తడవకూడదు,
చెవిలో చుక్క పడకూడదు.
పడిందా, మళ్ళీ శనివారం దాకా
ఈనాక్ మామయ్య నాతో మాట్లాడడు.

సింకు అడుగున పాత తువ్వాలు పరవాలి, కాళ్ళు జారకుండా.
నీళ్ళు పొట్ట దాకా, అంతే.
వేడి చూడ్డానికి వేళ్ళు పెట్టబోతే
"వేళ్ళు అబద్ధాలాడతాయిరా, మోచెయ్యి పెట్టు" అంటాడు.
ఆయన వేళ్ళకి నిజంగానే వేడి తెలీదు.
ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుగనిలో పార పట్టిన వేళ్ళు.

ఇప్పుడు వంగితే ఊపిరందదు.
కిటికీ పక్క కుర్చీలో, ముక్కుకి గొట్టంతో కూచుని
నోటితోనే స్నానం చేయిస్తాడు.
చేతులు మాత్రం నావి.

మాబెల్ గినీపంది.
పంది అంటారు, పంది కాదు.
గినీ అంటారు, గినీ మొహం చూడలేదు.
ఏడాదికి నాలుగుసార్లు డాంకాస్టర్ పోటీలకి తప్ప
మా బార్న్స్‌లీ వీధి దాటి ఎరగదు.
మూరెడు జుట్టు. ఏది ముందో ఏది వెనకో తెలియాలంటే
క్యారెట్ ముక్క చూపించాలి.
కదిలిన వైపు ముందు.

వెనక, తోక ఉండాల్సిన చోట
నల్లటి జిగురు పేరుకుంటుంది.
కొబ్బరినూనె రాసి ఆగాలి.
"గీకకు. నాననీ.
గీకితే పోయేదైతే నా ఒంట్లోంచి ఎప్పుడో పోయేది."
మామయ్య నుదుటి మీద, మోచేతుల మీద నీలం గీతలు.
దెబ్బ తగిలిన ప్రతిచోటా బొగ్గుపొడిని లోపలే ఉంచుకుని
చర్మం తలుపేసుకుంది.
ఎవరూ అడగని పచ్చబొట్లు.

గోళ్ళ దగ్గరే నాకు భయం.
తెల్లగోరైతే లోపలి నరం కనపడుతుంది.
మాబెల్‌వి నల్లగోళ్ళు.
మామయ్య మేకుకి తగిలించిన గనిదీపం తెప్పించి
గోరు వెనకాల పట్టుకుంటాడు.
చీకట్లో సన్నగా, ఎర్రగా, ఒక దారి.
"అదిగో. అక్కడ మనుషులున్నారనుకో.
ఇవతలే ఆగాలి."

కత్తిరించాను.
ఆగాను.

ఆరబెట్టాక పాయలు తీసి, ఒక్కో పాయనీ
గోధుమరంగు కాగితంలో మడిచి
తేలికపాటి చెక్కముక్క పెట్టి రబ్బరు బ్యాండు వెయ్యాలి.
పోటీ రోజుదాకా అదే దాని అలంకారం.
డోరీన్ అత్త నెత్తినిండా రోలర్లతో గుమ్మంలో నిలబడి
"పాతికేళ్ళయింది ఈ మనిషి నా జుట్టుకేసి చూసి" అంది.
మామయ్య విననట్టే,
"ఎడమ పక్కది వదులైంది" అన్నాడు.
ఎవరిదో చెప్పలేదు.
అత్త తల తడుముకుంది.

ఒకటి చెప్పడం మర్చిపోయాను,
నీళ్ళలో ఉన్నప్పటి సంగతి.

మామయ్య వాళ్ళ నాన్న కాలంలో
గనివాళ్ళు వెన్ను కడుక్కునేవాళ్ళు కాదట.
పొయ్యి ముందు రేకుతొట్టిలో
మెడా చేతులూ కాళ్ళూ అన్నీ తెల్లబడేవి.
వెన్నుకి నీళ్ళు తగిలితే బలం పోతుందని,
రేపు కప్పు కూలితే అడ్డుపడేది అదే కదా అని,
అక్కడికొచ్చి చెయ్యి ఆగిపోయేది.
ఆయన అలాగే పోయాడు, మంచంలోనే,
నల్లటి వైపు కిందికి పెట్టి.
తర్వాత గని దగ్గరే షవర్లు వచ్చాయి.
ఒకళ్ళ వీపు ఒకళ్ళు రుద్దుకునేవాళ్ళు.
మామయ్య మాత్రం గోడకి ఆనుకుని నిలబడేవాడట.

మాబెల్ వెన్ను మీద అరచెయ్యి వేస్తే
ముందు రాయిలా బిగుసుకుంటుంది.
"మెల్లిగా" అని కూడా అనడు అప్పుడు.
కిటికీ వైపు తిరిగి కూచుంటాడు, వీపు నాకు పెట్టి.
చొక్కా లోపల ఎముకలు పైకీ కిందికీ.
రుద్దుతూనే ఉంటాను.
కాసేపటికి ఎక్కడో ఏదో వదులవుతుంది,
సన్నటి గురగుర ఒకటి వంటిల్లంతా.

మాబెల్‌దే అయ్యుండాలి.